నెట్టు ఆగి ఆగి వస్తుంటే: ఇంటర్‌ఫేస్ లెక్కలు చదివి లోపం ఎక్కడుందో తేల్చే పద్ధతి

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ఆన్‌లైన్ సెంటర్లు, బడి ల్యాబులు, మిల్లు ఆఫీసులు చూసుకునే కుర్రాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే. "అన్నా, పింగ్ బాగానే వస్తోంది, అయినా ఫారం సబ్మిట్ అవడం లేదు. రూటర్ మార్చేయమంటావా?"

మార్చొద్దు. నెట్‌వర్క్ కార్డు గుండా వచ్చిన ప్రతి ప్యాకెట్టుకీ, పాడైన ప్రతి ప్యాకెట్టుకీ కంప్యూటర్ లెక్క రాస్తూనే ఉంటుంది. ముందు ఆ లెక్క చదవాలి. లైనక్స్‌లో దానికి ఐపీ, ఈత్‌టూల్ అనే రెండు ఆదేశాలు చాలు. వాటిని ఏ వరసలో వాడాలో, ఏ అంకెకు అర్థమేమిటో కింద చెబుతున్నాను.

ఆదేశాలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్పాను.

1. చెయ్యి పెట్టే ముందు

మొదటి నియమం: రీస్టార్ట్ చేయొద్దు. కంప్యూటర్‌నీ, స్విచ్‌నీ, రూటర్‌నీ దేన్నీ ఆపకండి. ఆపితే ఈ లెక్కలన్నీ సున్నా అయిపోతాయి. పది రోజులుగా పోగైన సాక్ష్యాన్ని మన చేత్తో మనమే తుడిచేసినట్టు.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

☐ బాగా పనిచేస్తుందని ముందే తెలిసిన ప్యాచ్ కేబుల్ ఒకటి
☐ నోటు పుస్తకం, పెన్ను (టైముతో సహా రాయాలి)
☐ క్రింపింగ్ టూల్, నాలుగైదు ఆర్‌జే45 కనెక్టర్లు
☐ అదే లోకల్ నెట్‌వర్క్‌లో ఇంకో కంప్యూటర్, రెండింటిలో ఐపెర్ఫ్3 (రెండు కంప్యూటర్ల మధ్య డేటా పరుగెత్తించి కొలిచే ప్రోగ్రామ్)
☐ ఈత్‌టూల్ (ఈ-టీ-హెచ్ తర్వాత టూల్). లేకపోతే (సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపమని): సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఈత్‌టూల్

తర్వాత కాగితం మీద బొమ్మ గీయండి. కంప్యూటర్ నుంచి గోడ సాకెట్టు, అక్కడి నుంచి స్విచ్, రూటర్, బయటి ఫైబర్ డబ్బా. మధ్యలో ఉన్న ప్రతి కేబుల్ ముక్కకీ ఒక నంబరు వేయండి. ఇదంతా ఎందుకని చాలామంది వదిలేస్తారు. కానీ చివరికి మనం తేల్చాల్సింది ఈ ముక్కల్లో ఏది చెడిందన్నదే.

ఏ ఇంటర్‌ఫేస్ చూడాలో తెలియకపోతే ఇది టైప్ చేయండి:

ఐపీ రూట్ (ఆర్-ఓ-యూ-టీ-ఈ)

"డిఫాల్ట్" అనే వరసలో "డెవ్" తర్వాత వచ్చే పేరే మనకు కావాల్సింది. ఈటీహెచ్0 కావచ్చు, ఈఎన్‌పీ3ఎస్0 లాంటిది కావచ్చు. కింద అన్నిచోట్లా ఈటీహెచ్0 అనే రాశాను. మీ మిషన్లో ఏ పేరుంటే అది పెట్టుకోండి.

2. మొదటి రీడింగ్

ఐపీ -ఎస్ లింక్ షో డెవ్ ఈటీహెచ్0

రెండు వరసలు వస్తాయి. ఆర్ఎక్స్ అంటే మనకు వచ్చినవి, టీఎక్స్ అంటే మనం పంపినవి.

ఆర్ఎక్స్ వరసలో బైట్స్, ప్యాకెట్స్, ఎర్రర్స్, డ్రాప్డ్, మిస్డ్, ఎంకాస్ట్ ఉంటాయి. టీఎక్స్ వరసలో మొదటి నాలుగూ అవే, తర్వాత క్యారియర్, కొలిషన్లు ఉంటాయి. పాత వెర్షన్లలో మిస్డ్ స్థానంలో ఓవర్‌రన్ కనిపిస్తుంది.

ఎర్రర్స్ అన్నది మొత్తం కూడిక మాత్రమే. అందులో ఏ రకం ఎంతో తెలియాలంటే -ఎస్ రెండుసార్లు ఇవ్వాలి:

ఐపీ -ఎస్ -ఎస్ లింక్ షో డెవ్ ఈటీహెచ్0

అప్పుడు లెంగ్త్, సీఆర్సీ, ఫ్రేమ్, ఫిఫో అని విడివిడిగా చూపిస్తుంది. వీటి అర్థాలు ఆరో మెట్టులో చెబుతాను. మొత్తం ఫోటో తీసుకోండి, లేదా ఫైల్లోకి పంపి దాచుకోండి. టైము రాయడం మరవొద్దు.

ఇక్కడే తొందరపడి ఓ మాట అనేస్తారు: "అన్నా, ఎర్రర్లు 3,000 ఉన్నాయి!" ఆ మూడు వేలూ ఎప్పటివి? మిషన్ ఆన్ చేసినప్పటి నుంచి కూడినవి. మొన్న ఎవరో కేబుల్ పీకి పెట్టినప్పుడు వచ్చినవీ అందులోనే ఉంటాయి. కరెంటు మీటరు మీద 8,000 అని కనిపిస్తే ఈ నెల బిల్లు ఎంతో చెప్పగలమా? పోయిన నెల రీడింగ్ తీసేస్తేనే కదా తెలిసేది. ఇదీ అంతే.

3. లోడు పెట్టి రెండో రీడింగ్

ఖాళీగా ఉన్న లైనులో చెడ్డ కేబుల్ కూడా మంచిదిలాగే కనిపిస్తుంది. ప్యాకెట్లు నడవాలి.

రెండో కంప్యూటర్లో: ఐపెర్ఫ్3 -ఎస్
మీ కంప్యూటర్లో: ఐపెర్ఫ్3 -సీ (రెండో దాని ఐపీ అడ్రస్) -టీ 300

ఇది ఐదు నిమిషాలు మన వైపు నుంచి పంపుతుంది. అవగానే అదే ఆదేశం చివర -ఆర్ చేర్చి మళ్లీ నడపండి. ఇక్కడ ఆర్ పెద్ద అక్షరం. ఇప్పుడు అటు నుంచి ఇటు వస్తుంది. పంపేటప్పుడు ఏ తేడా లేకుండా, తీసుకునేటప్పుడు మాత్రమే ఎర్రర్లు వచ్చే కేబుళ్లు చాలానే చూశాను. అందుకే రెండు దిక్కులా పరీక్షించాలి. ఇదంతా లోకల్ నెట్‌వర్క్‌లోనే నడుస్తుంది కాబట్టి మీ ఇంటర్నెట్ డేటా ఖర్చు కాదు.

అంకెలు పెరగడం కళ్లతో చూడాలంటే ఇంకో విండోలో:

వాచ్ -డి -ఎన్ 1 ఐపీ -ఎస్ -ఎస్ లింక్ షో డెవ్ ఈటీహెచ్0

సెకనుకోసారి తాజా అంకెలు వస్తాయి, మారినది మెరుస్తుంది.

పరీక్ష అవగానే రెండో రీడింగ్ తీసి, అందులోంచి మొదటిది తీసేయండి. ఉదాహరణకి ప్యాకెట్లు 5,00,000 పెరిగి, ఎర్రర్లు 50 పెరిగితే పదివేలకు ఒకటి పాడైనట్టు. ఇది మంచి కేబుల్ కాదు. గిగాబిట్ రాగి లైనుకు ప్రమాణం అనుమతించేది వెయ్యి కోట్ల బిట్లకు ఒక తప్పు. పూర్తి సైజు ఫ్రేముల్లో (కేబుల్ మీద ప్యాకెట్టును మోసుకెళ్లే మూటల్లో) చెప్పాలంటే సుమారు ఎనిమిది లక్షలకు ఒకటి. ఆచరణలో బాగున్న కేబుల్ మీద ఈ పరీక్షలో సున్నాయే రావాలి.

4. స్పీడు, డూప్లెక్స్

సుడో ఈత్‌టూల్ ఈటీహెచ్0

నాలుగు వరసలు చూడండి: స్పీడ్, డూప్లెక్స్, ఆటో నెగోషియేషన్, లింక్ డిటెక్టెడ్. డూప్లెక్స్ ఫుల్ అంటే ఒకేసారి పంపడం, అందుకోవడం రెండూ జరుగుతాయి; హాఫ్ అంటే ఒకసారికి ఒక్కటే. ఆటో అంటే రెండు కొసలూ తమలో తామే మాట్లాడుకుని స్పీడు, డూప్లెక్స్ తేల్చుకోవడం.

రెండు వైపులా గిగాబిట్ పోర్టులే ఉండి స్పీడు 100 చూపిస్తుంటే, ముందుగా కనెక్టర్‌ని అనుమానించండి. 100కి రెండు జతల తీగలు చాలు: 1, 2, 3, 6 పిన్నులు. 1000కి నాలుగు జతలూ కావాలి. 4, 5, 7, 8లో ఒక్క తీగ సరిగ్గా కూర్చోకపోయినా లైను 100కి దిగిపోయి, ఏమీ జరగనట్టు నడుస్తుంది. కొత్త కనెక్టర్ వేసి మళ్లీ చూడండి.

డూప్లెక్స్ "హాఫ్" అని వస్తే ఇవాళ్టి స్విచ్‌లతో అది తప్పే. ఎవరో ఒక వైపు 100 ఫుల్ అని బలవంతంగా పెట్టి ఉంటారు. అలా పెడితే ఆటోలో ఉన్న అవతలి వైపు స్పీడు కనిపెట్టగలదు గానీ డూప్లెక్స్ కనిపెట్టలేక హాఫ్‌కి దిగిపోతుంది. హాఫ్ వైపు లేట్ కొలిషన్లు (ఫ్రేము కొంత వెళ్లాక ఢీకొన్నవి), ఫుల్ వైపు సీఆర్సీ ఎర్రర్లు పెరుగుతాయి. మందు ఒక్కటే: రెండు వైపులా ఆటోలో పెట్టడం.

5. ఈత్‌టూల్ లోపలి లెక్క

సుడో ఈత్‌టూల్ -ఎస్ ఈటీహెచ్0

ఇక్కడ ఎస్ పెద్ద అక్షరం. చిన్న ఎస్ సెట్టింగులు మార్చడానికి వాడేది. వేలు జారి చిన్న ఎస్ కొట్టి, వెనక స్పీడూ డూప్లెక్సూ కూడా రాసేస్తే నడుస్తున్న లైను ఆగిపోతుంది. దుకాణం మూసేదాకా ఆగలేని చోట ఇంకా జాగ్రత్తగా ఉండండి.

వచ్చే జాబితా కార్డు కంపెనీని బట్టి మారుతుంది. కొన్నింటికి పదే వరసలు, కొన్నింటికి వందకు పైగా. సున్నాలు వదిలేసి మిగతావి చూడటానికి (ఇక్కడా ఎస్ పెద్దదే):

సుడో ఈత్‌టూల్ -ఎస్ ఈటీహెచ్0 | గ్రెప్ -వీ ': 0$'

పేర్లలో సీఆర్సీ, ఎలైన్, మిస్డ్, నో బఫర్, ఫిఫో, లేట్ కొలిషన్ అనేవి ఉన్నాయేమో వెతకండి. మిగతా వాటితో ఇప్పుడు పనిలేదు.

లైను ఎన్నిసార్లు పడి లేచిందో తెలియాలంటే ఇంకోటి ఉంది. ఇది చాలామందికి తెలియదు:

క్యాట్ /సిస్/క్లాస్/నెట్/ఈటీహెచ్0/క్యారియర్_చేంజెస్

ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. అంకె పెరిగిందంటే మధ్యలో లింకు తెగి కలిసినట్టు. స్విచ్‌కున్న కంప్యూటర్లన్నిటిలో ఒకే సమయంలో పెరిగితే కేబుల్ జోలికి పోవద్దు. స్విచ్ అడాప్టర్ నీరసించి ఉంటుంది, లేదా సాయంత్రం ఓల్టేజీ పడిపోయి స్విచ్ తనంతట తాను రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. ఒక్కదానిలోనే పెరిగితే ఆ కేబుల్, ఆ రెండు పోర్టులు చూడాలి.

6. ఏ అంకె పెరిగితే ఏం చేయాలి

సీఆర్సీ, ఫ్రేమ్, ఎలైన్

ప్రతి ఈథర్‌నెట్ ఫ్రేము చివరా 4 బైట్ల తనిఖీ సంఖ్య ఉంటుంది. అందుకున్న కార్డు మళ్లీ లెక్కగట్టి పోల్చుకుంటుంది. కలవకపోతే ఆ ఫ్రేమును పారేసి, సీఆర్సీ లెక్కకు ఒకటి కలుపుతుంది. అంటే దారిలో బిట్లు చెడాయి.

దుకాణాల్లో వాడే స్విచ్‌లు సాధారణంగా ఫ్రేమును పూర్తిగా తీసుకుని, సరిచూసి, బాగుంటేనే ముందుకు పంపుతాయి. కాబట్టి మీ కార్డులో సీఆర్సీ పెరిగిందంటే లోపం ఎక్కడో ప్రొవైడర్ దగ్గర లేదు. మీ కంప్యూటర్‌కీ మొదటి స్విచ్‌కీ మధ్యనున్న ఆ ఒక్క ముక్కలోనో, దాని రెండు కొసల్లోనో ఉంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే వెతకాల్సిన చోటు ఎంతో తగ్గిపోతుంది.

గుణుపురం దగ్గర ఓ రైసు మిల్లు ఆఫీసుకి పిలిచారు. "బాబూ, రాత్రిళ్లు నెట్టు శుభ్రంగా వస్తోంది, పగలే చచ్చిపోతోంది" అన్నాడు మిల్లు పెద్దాయన. అప్పటికే రెండు రూటర్లు కొన్నారు. కంప్యూటర్లో సీఆర్సీ రీడింగ్ పెట్టి కూర్చుంటే, మిల్లు ఆగి ఉన్నంతసేపూ అంకె కదల్లేదు. మోటారు స్టార్టర్ నొక్కగానే గబగబా పెరగడం మొదలైంది. చూస్తే నెట్ కేబుల్‌ని మోటారు త్రీ ఫేజ్ వైర్లున్న గొట్టంలోంచే లాగారు. వేరే గోడ మీదుగా తిప్పి కొత్త కేబుల్ వేశాం, అంకె నిలిచిపోయింది. ఆ రెండు రూటర్ల డబ్బు మాత్రం తిరిగి రాలేదు. పెద్దాయన ముఖం చూస్తే నాకే బాధేసింది.

సీఆర్సీ పెరిగితే ఈ వరసలో వెళ్లండి:

☐ ప్యాచ్ కేబుల్ మార్చి రీడింగ్
☐ స్విచ్‌లో వేరే పోర్టుకి మార్చి రీడింగ్
☐ కనెక్టర్ కోసి కొత్తది వేసి రీడింగ్
☐ కరెంటు వైర్ల పక్కనుంచి కేబుల్ తప్పించి రీడింగ్
☐ కేబుల్ పొడవు 100 మీటర్లు దాటిందేమో చూడటం
☐ రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్ కాదు కదా అని చూడటం (తీగను కత్తితో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది)

డ్రాప్డ్

దీన్ని చూసి అనవసరంగా భయపడేవాళ్లే ఎక్కువ. ఆర్ఎక్స్ డ్రాప్డ్ అంటే ఫ్రేము క్షేమంగా చేరింది గానీ ఆపరేటింగ్ సిస్టం నడిమి భాగమైన కెర్నెల్‌కి దానితో పనిలేక పారేసిందని కూడా కావచ్చు. తనకు తెలియని ప్రోటోకాల్, తనది కాని వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్) ట్యాగ్ ఉన్న ఫ్రేములు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

లోడు ఉన్నా లేకపోయినా, గడియారం కొట్టినట్టు రెండు సెకన్లకొకటి పెరుగుతోందా? అది కేబుళ్లలో లూపు పడకుండా స్విచ్ పంపే స్పానింగ్ ట్రీ సందేశం అయి ఉంటుంది, దాని మామూలు వ్యవధి 2 సెకన్లు. 30 సెకన్లకొకటి అయితే, పరికరాలు పక్కవాటికి తమ పేరు చెప్పుకునే ఎల్ఎల్‌డీపీని అనుమానించండి. రెండూ నిరపాయమే.

తేల్చుకోవడానికి ఇంకో విండోలో టీసీపీడంప్ (వచ్చే ప్రతి ఫ్రేమునూ పట్టి చూపించే ఆదేశం) నడిపి చూడండి. అది నడుస్తున్నంతసేపూ డ్రాప్డ్ పెరగడం ఆగిపోతే, ఆ పడేసేవి మనకు అక్కర్లేని ఫ్రేములే. వదిలేయండి.

లోడుతో పాటే పెరిగితే మాత్రం కంప్యూటర్ తట్టుకోలేకపోతోంది. కింది భాగం చూడండి.

మిస్డ్, ఓవర్‌రన్, ఫిఫో, నో బఫర్

కేబుల్ బాగానే ఉంది. వచ్చిన ప్యాకెట్లను కార్డు బఫర్లోంచి సకాలంలో తీసుకునే తీరిక ప్రాసెసర్‌కి లేదు. పాత మిషన్‌ని సర్వర్‌గా పెట్టి పది సీసీ కెమెరాలు తగిలించిన చోట ఇది కనిపిస్తుంది.

ఈత్‌టూల్ -జీ ఈటీహెచ్0 అంటే బఫర్ ఎంతవరకు పెంచొచ్చో, ఇప్పుడు ఎంతుందో చూపిస్తుంది. గరిష్ఠం 4096 అని ఉంటే:

సుడో ఈత్‌టూల్ -జీ ఈటీహెచ్0 ఆర్ఎక్స్ 4096

చూసేటప్పుడు చిన్న జీ, మార్చేటప్పుడు పెద్ద జీ. మార్చినప్పుడు లింకు ఒక్క క్షణం పడి లేవొచ్చు. రీస్టార్ట్ తర్వాత పాత విలువే వస్తుంది.

టీఎక్స్ వైపు

క్యారియర్ పెరిగితే పంపేటప్పుడు లింకు పోతోందని. కొలిషన్లు పెరిగితే నాలుగో మెట్టుకి వెనక్కి వెళ్లి డూప్లెక్స్ చూడండి. టీఎక్స్ డ్రాప్డ్ పెరిగితే మన దగ్గరే క్యూ నిండిపోతోంది. టీసీ -ఎస్ క్యూడిస్క్ (క్యూ-డీ-ఐ-ఎస్-సీ) షో డెవ్ ఈటీహెచ్0 అంటే ఏ క్యూలో ఎన్ని పడిపోయాయో చెబుతుంది.

7. రెండో కొస కూడా చూడాలి

ఎర్రర్ అందుకున్నవాడి లెక్కలోనే పడుతుంది. పంపినవాడికి అంతా బాగున్నట్టే ఉంటుంది. మీ వైపు సున్నాలు చూసి "మాది బాగానే ఉంది" అని తేల్చేయడం పెద్ద పొరపాటు. మేనేజ్డ్ స్విచ్ (బ్రౌజర్లో తెరిచే సెట్టింగుల పేజీ ఉన్నది) అయితే దాని పేజీలో ఆ పోర్టు లెక్క చూడండి. మామూలు స్విచ్ అయితే ఆ కేబుల్‌ని నేరుగా లాప్‌టాప్‌కి పెట్టి, లాప్‌టాప్‌లో రీడింగ్ తీయండి.

అవతలి కొసన ఒడియా మాట్లాడే కుర్రాడు ఉంటే ఫోన్లో వివరించే తంటా వద్దు. ఆదేశాన్ని వాట్సాప్‌లో పంపి, తెర ఫోటో తీసి పంపమనండి.

8. ఒక్కటే మార్చి మళ్లీ కొలవడం

కేబుల్, పోర్టు, అడాప్టర్ మూడూ ఒకేసారి మార్చేస్తే లైను బాగుపడొచ్చు, కానీ ఏది చెడిందో తెలియదు. బాగున్న కేబుల్ చెత్తలోకి, చెడ్డ అడాప్టర్ మళ్లీ అలమారాలోకి పోతాయి. ఒకటి మార్చండి, మూడో మెట్టులోని పరీక్ష అంతేసేపు నడపండి, తేడా రాయండి. తర్వాతే ఇంకోటి.

9. పిడుగులు, ఉప్పుగాలి, వాన

మన వైపు వైశాఖంలో ఉరుములు మొదలయ్యాక వచ్చే ఫిర్యాదులు వేరుగా ఉంటాయి. రెండు భవనాల మధ్య రాగి కేబుల్ వేలాడుతుంటే, దగ్గర్లో పడిన పిడుగు తాకిడి దాని గుండా పోర్టులోకి వస్తుంది. పోర్టు పూర్తిగా చస్తే సులువే. సగం చస్తేనే చిక్కు: దీపం వెలుగుతుంది, లింకు ఉందంటుంది, స్పీడు 10కో 100కో పడిపోయి సీఆర్సీ పెరుగుతూ ఉంటుంది. అదే కేబుల్‌ని వేరే పోర్టులో పెట్టినప్పుడు అంకె ఆగిపోతే పాత పోర్టు పోయినట్టే. దాని మీద టేపు అంటించి "వాడొద్దు" అని రాయండి. భవనాల మధ్య వీలైనంత వరకు ఫైబర్ వేయించండి. దానికి పిడుగు ప్రవాహం ఎక్కదు.

గోపాలపురం, బరంపురం వైపు ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు నల్లబడతాయి. ఊడదీసి మళ్లీ గుచ్చితే రెండ్రోజులు బాగుండి మళ్లీ మొదలవుతుంటే ఇదే కారణం. కనెక్టర్ మార్చండి.

తుఫాను తర్వాత ఇంకా ఓపిగ్గా ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లానూ అతలాకుతలం చేసింది. అలాంటి గాలివాన తర్వాత బయటి కేబుల్ తొడుగు చిన్నగా చిరిగినా లోపలికి నీరు దిగుతుంది. లైను ఆ రోజు పనిచేసినా వారం తిరిగేసరికి ఎర్రర్లు మొదలవుతాయి. గాలివాన వెలిసిన రోజు ఒక రీడింగ్, వారం తర్వాత ఒక రీడింగ్ తీసి పోల్చండి.

10. విండోస్, వైఫై

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌స్టాట్ -ఈ కొడితే బైట్లు, డిస్కార్డ్స్, ఎర్రర్స్ వస్తాయి. పవర్‌షెల్‌లో గెట్-నెట్ అడాప్టర్ స్టాటిస్టిక్స్ ఉంది (పదాల మధ్య ఖాళీ లేకుండా). లైనక్స్ అంత వివరం ఉండదు, కానీ రెండు రీడింగ్‌ల పద్ధతి అదే.

వైఫైకి సీఆర్సీ లెక్కతో లాభం లేదు. ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూల్యాన్0 స్టేషన్ డంప్ అని కొట్టి టీఎక్స్ రిట్రైస్, టీఎక్స్ ఫెయిల్డ్, సిగ్నల్ చూడండి. సిగ్నల్ -50 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే యూనిట్) దగ్గర ఉంటే బలంగా ఉన్నట్టు. -75 కంటే దిగితే ముందు రూటర్‌ని దగ్గరికి జరపండి, మిగతా పరీక్షలు తర్వాత.

11. ప్రొవైడర్‌కి ఫిర్యాదు చేసే ముందు

మీ ముక్కలన్నీ శుభ్రంగా ఉన్నాయని తేలాకే ఫోన్ చేయండి. "నెట్టు స్లో" అంటే రూటర్ ఆపి వేయమంటారు. అంకెలు చెబితే మనిషిని పంపుతారు. పర్లాకిమిడిలో ఓ ఆన్‌లైన్ సెంటర్ అమ్మాయి నాలుగు వారాలు ఫోన్లు చేసి విసిగిపోయింది. ఈ కింది నాలుగు సంగతులూ రాసి పంపిన మర్నాడే వచ్చి ఫైబర్ అతుకు సరిచేశారు.

☐ కంప్యూటర్ నుంచి రూటర్ దాకా రెండు రీడింగ్‌ల తేడా, టైములతో
☐ స్పీడు, డూప్లెక్స్ చూపించే ఈత్‌టూల్ తెర ఫోటో
☐ ఫైబర్ డబ్బా పేజీలో ఆర్ఎక్స్ పవర్ ఎంతుందో (సాధారణ జీపాన్ (ఇళ్లకిచ్చే మామూలు ఫైబర్ రకం) డబ్బాలకు -27 డీబీఎం కంటే దిగజారితే వెలుతురు చాలదు)
☐ లైను తెగిన టైముల జాబితా, ఆ సమయంలో కరెంటు ఉందా లేదా అన్నది పక్కనే